మా కబడ్డీ టీంలో ఇద్దరికి మాటల్లేవు, ఏం చేయమంటారు?

మాది పరకాల దగ్గర ఒక ఊరు. సాయంత్రం పూట బడి ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిస్తుంటా. ఇద్దరు సీనియర్లకు కెప్టెన్సీ దగ్గర గొడవై నెల నుంచి మాటల్లేవు. ఒకమ్మాయి లెఫ్ట్ కార్నర్ (ఎడమ చివర నిలబడేది), పక్కనే ఇంకో అమ్మాయి. చేతులు పట్టుకుని చైన్ కట్టాల్సింది వాళ్లే! మొన్న హనుమకొండలో మ్యాచ్. ఇద్దరి మధ్య మూరెడు సందు. కూతకొచ్చిన పిల్ల అది చూసి నేరుగా కార్నర్ మీదికే పోయింది, తాకి నవ్వుకుంటూ వెనక్కి వెళ్లింది.

ఆదివారం అందరికీ 2007 నాటి 'చక్ దే ఇండియా' (ఆడపిల్లల హాకీ టీం సినిమా) చూపించా. గోల్స్ పోటీలో పడి ఒకరికొకరు బంతి ఇచ్చుకోని కోమల్, ప్రీతి ఉంటారు కదా, ఫైనల్లో కోమల్ పాస్ ఇచ్చే సీన్‌కి మావాళ్లిద్దరూ తలలు దించుకున్నారు. పని అయిందనుకున్నా. తెల్లారి మళ్లీ ఎవరి మొహం వాళ్లదే.

నా డౌటు ఆ సినిమాలో కోచ్ గురించి. కబీర్ ఖాన్ మాట వినని సీనియర్ బిందియాని మొదట పక్కన కూర్చోబెడతాడు. కొరియా మ్యాచ్ దగ్గర మాత్రం తనే వెళ్లి ఆమెతో విడిగా మాట్లాడతాడు. నేనిప్పుడు ఏది చేయాలి? ఇద్దరినీ బయట కూర్చోబెడితే ఏడుగురు సరిపోవట్లేదు (ఉన్నదే ఎనిమిది మంది). విడిగా పిలిస్తే "ఏం లేదు సార్" అని గోళ్లు గిల్లుకుంటారు.

ఆడపిల్లల టీంలు నడిపిన అక్కలు, అన్నలు, మొదటి మాట ఎలా కదిపారో చెప్పండి. కెప్టెన్సీ మూడో అమ్మాయికి ఇస్తే గొడవ ఇంకా ముదురుతుందా?