"వేడి మీద స్టార్ట్ కావడం లేదు": ఈ మాట శీర్షికకు సరిపోతుందా?

ప్రశ్న

పాత స్పోర్ట్స్ కార్ల మరమ్మతుపై తెలుగులో ఒక చిన్న కరదీపిక సిద్ధం చేస్తున్నాను. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయిన ఇంజన్, కొంత దూరం పరుగెత్తి ఆగిన తర్వాత మళ్లీ స్టార్ట్ కాకుండా మొరాయించడాన్ని ఏమని రాయాలో తేలడం లేదు. ముసాయిదాలో "ఉష్ణ ప్రారంభ సమస్య" అని రాసుకున్నాను గాని, చదివినప్పుడల్లా అది పరాయి మాటలా వినిపిస్తోంది. వాడుకలో ఉన్న "వేడి మీద స్టార్ట్ కావడం లేదు" అన్న మాటనే శీర్షికగా ఉంచవచ్చునా? సభ్యులు తమ అభిప్రాయం తెలుపగలరు.

జవాబు

శీర్షికగా నిస్సందేహంగా ఉంచవచ్చునండి. "ఉష్ణ ప్రారంభం" అంటే బండి నడిపేవారికి గాని, బాగుచేసేవారికి గాని ఏమీ స్ఫురించదు. అయితే లోపలి పేజీల్లో మాత్రం ఈ మాట దగ్గరే ఆగిపోకూడదని నా మనవి, ఎందుకంటే "స్టార్ట్ కావడం లేదు" అన్నది యజమాని చెప్పే ఫిర్యాదే గాని రోగనిర్ణయం కాదు. మెకానిక్కులు ఇదే సంగతిని మూడు వేర్వేరు క్రియలతో చెబుతారు: సెల్ఫ్ తిరగడం లేదు, సెల్ఫ్ తిరుగుతోంది గాని ఇంజన్ అందుకోవడం లేదు, అందుకుంటోంది గాని నిలబడటం లేదు. ఈ మూడింటినీ కలిపేసిన పుస్తకం పాఠకుణ్ణి తప్పు భాగం వైపు పంపిస్తుంది.

మొదటిది తీసుకోండి. తాళం తిప్పితే "టక్" మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంటుంది. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది. ఎగ్జాస్ట్ గొట్టం పక్కనే స్టార్టర్ (సెల్ఫ్ మోటారు) ఉన్న కార్లలో ఇది మామూలే. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది గనుక, 20 డిగ్రీల దగ్గర ఉన్న సోలెనాయిడ్ (స్టార్టర్‌కు కరెంటు కలిపే విద్యుదయస్కాంతం) చుట్ట 100 డిగ్రీలకు చేరితే దాని నిరోధం 30 శాతం పైగా పెరిగి, అందే విద్యుత్తు ఆ మేరకు తగ్గి, అయస్కాంతపు లాగుడు బలహీనపడుతుంది. పాతబడిన ఇగ్నిషన్ స్విచ్, తుప్పు పట్టిన కనెక్టర్లు దీనికి తోడైతే సోలెనాయిడ్ ఇక కదలదు. మొరాయిస్తున్న ఆ క్షణంలోనే, తాళం తిప్పి పట్టుకుని, సోలెనాయిడ్ చిన్న టెర్మినల్ దగ్గర వోల్టేజి కొలవాలి. అది బ్యాటరీ వోల్టేజి కంటే రెండు మూడు వోల్టులు తక్కువగా ఉంటే దోషం అక్కడికి కరెంటు వచ్చే దారిలో ఉంది, రిలే (కొద్దిపాటి కరెంటుతోనే పనిచేసి బ్యాటరీ కరెంటును నేరుగా కలిపే స్విచ్) పెడితే చాలావరకు సరిపోతుంది. దాదాపు సమానంగా ఉండి కూడా టక్కుమంటే, స్టార్టర్ లావు తీగలను, ఎర్త్ తీగను కూడా చూసిన మీదట స్టార్టర్‌నే విప్పాలి. బండి చల్లారాక కొలిచిన అంకెలతో ఇక్కడ ఏ ఉపయోగమూ లేదు. ఈ వాక్యాన్ని మీ పుస్తకంలో పెద్ద అక్షరాలతో వేయమని కోరుతున్నాను.

ఇక "వేడి మీద" అన్న మాట దగ్గర కూడా కొంత జాగ్రత్త అవసరం. ఆపిన మరుక్షణం స్టార్ట్ అయి, పదిహేను ఇరవై నిమిషాల తర్వాత మొరాయించే కార్లు చాలా ఉన్నాయి. ఇంజన్ ఆగగానే గాలి, కూలెంట్ ప్రవాహం కూడా ఆగిపోతాయి, లోపలి వేడి మాత్రం పైకి ఎగదన్నుతుంది. అందుకని పెట్రోలు లైన్లు, కార్బ్యురేటర్ ఉన్న చోట వేడి ఇంజన్ నడుస్తున్నప్పటికంటే ఆపిన కాసేపటికే ఎక్కువవుతుంది. కాబట్టి "ఆపిన వెంటనే", "కాసేపయ్యాక", "పూర్తిగా చల్లారాక" అని మూడు వేళలను విడివిడిగా అడిగి తెలుసుకోవడం మంచిది.

మరొక సభ్యురాలు

చాలా ఉపయోగకరమైన వివరణ. ఒక చిన్న సందేహం: లైన్లో పెట్రోలు ఆవిరైపోయి పంపు పనిచేయని స్థితిని చాలామంది "ఎయిర్ పట్టింది" అంటారు. దాన్నే వాడవచ్చునా, లేక "ఆవిరి పట్టింది" అనాలా?

జవాబు

అమ్మా, "ఎయిర్ పట్టింది" అన్నది డీజిల్ బండ్ల దగ్గర పుట్టిన మాట, అక్కడ అది అక్షరాలా నిజం: ఎక్కడో వదులైన జాయింటు నుంచి గాలి లోపలికి వస్తుంది. ఆ మాటనే ఇక్కడికి తెస్తే చదివినవారు లీకేజీ వెతుకుతూ కూర్చుంటారు. ఇక్కడ బయటి గాలి ప్రమేయం లేదు, పెట్రోలే లైన్లో మరిగి ఆవిరవుతోంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. పది శాతం ఇథనాల్ కలిస్తే ఆవిరయ్యే గుణం ఇంకొంత పెరుగుతుంది. "ఆవిరి పట్టింది" మీకు వెంటనే తట్టడం సహజమే గాని, జలుబు చేసినప్పుడు ముఖానికి ఆవిరి పట్టడమే పాఠకుడికి ముందు గుర్తొస్తుంది. "లైన్లో పెట్రోలు మరిగిపోయింది" అని తిన్నగా రాస్తే అర్థంలో పొరపాటు రాదు, పోలిక వెతుక్కోనక్కరలేదు.

ఒక ఉదాహరణతో చెబుతాను. 1978 నుంచి 1983 వరకు వచ్చిన పోర్షే 911 ఎస్‌సి కార్లలో కార్బ్యురేటర్‌కు బదులు ఒత్తిడితో పెట్రోలు చిమ్మే బాష్ వారి కే-జెట్రానిక్ ఇంజెక్షన్ ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా లైన్లో ఒత్తిడి సుమారు 5 బార్ ఉండటం వల్ల పెట్రోలు మరగదు. ఆపిన తర్వాత కూడా కొంత ఒత్తిడి నిలవాలని పంపులో పెట్రోలును వెనక్కి పోనివ్వని ఒక చెక్ వాల్వును, లైన్లో ఒత్తిడిని పట్టి ఉంచే ఒక అక్యుములేటర్‌ను పెట్టారు. వీటిలో ఏది పాడైనా ఒత్తిడి దిగజారిపోయి, వేడికి పెట్రోలు మరుగుతుంది. సెల్ఫ్ చాలాసేపు కొట్టాక ఇంజన్ అడ్డదిడ్డంగా అందుకుని, కాసేపు తడబడి, ఆ తర్వాత మామూలైపోతుంది. ప్రెషర్ గేజ్ పెట్టి, ఆపిన ఇరవై నిమిషాలకు ముల్లు ఎక్కడుందో చూసి తయారీదారు ఇచ్చిన అంకెతో పోల్చనిదే ఏ భాగమూ మార్చవద్దు. అక్యుములేటర్ వెనకవైపు గొట్టంలోంచి పెట్రోలు వస్తుంటే మాత్రం లోపలి పొర చిరిగిందని వెంటనే చెప్పవచ్చు.

ఇంజన్ అందుకోకపోవడానికి దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కారణం కూడా ఉంది: పెట్రోలు ఎక్కువైపోవడం. కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు మరిగి జెట్ల (సన్నని రంధ్రాల) గుండా, ఇంజన్‌లోకి దారితీసే మానిఫోల్డులోకి పొంగుతుంది; ఇంజెక్షన్ కార్లలోనైతే చల్లటి ఇంజన్‌కు అదనంగా పెట్రోలు పోసే కోల్డ్ స్టార్ట్ వాల్వు కారుతూ ఉండవచ్చు. ప్లగ్గు విప్పితే దాని మొన నల్లగా, తడిగా ఉండి ఘాటైన వాసన వస్తుంది. దీన్ని "ఓవర్ ఫ్లో అయింది" అన్నా, "పెట్రోలు ఎక్కువైంది" అన్నా అందరికీ అర్థమవుతుంది. ఇలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. కార్బ్యురేటర్ బండిలో మాటిమాటికీ తొక్కి వదిలితే యాక్సిలరేటర్ పంపు మరింత పెట్రోలు పోస్తుంది, గనుక "తొక్కి పట్టండి", "తొక్కి వదలండి" అన్న రెండు మాటల మధ్య తేడాను మీ వాక్యాలు గట్టిగా చూపించాలి.

ప్రశ్న అడిగినవారు

ఎంతో రుణపడి ఉన్నాను. "కరెంట్ రావడం లేదు" అన్న మాటను కూడా అలాగే ఉంచమంటారా?

జవాబు

దాన్ని మాత్రం విడగొట్టండి. బ్యాటరీ నుంచి సరఫరా లేకపోయినా, ప్లగ్గు దగ్గర స్పార్క్ లేకపోయినా మనవారు అదే మాట అంటారు. వేడెక్కాక కాయిల్ (స్పార్క్‌కు కావలసిన ఎక్కువ వోల్టేజిని తయారుచేసే చుట్ట) గాని, క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుడును పసిగట్టే సెన్సర్) గాని పనిచేయడం మానేసి చల్లారాక కోలుకునే కార్లలో బ్యాటరీ నిక్షేపంగా ఉంటుంది, స్పార్క్ ఒక్కటే ఉండదు. అందువల్ల "సరఫరా లేదు" అని ఒకచోట, "స్పార్క్ లేదు" అని మరొకచోట రాస్తే, చేతిలో టెస్టర్ పట్టుకున్నవాడికి ముందు ఏ తీగ చూడాలో తెలుస్తుంది.