తా ప్రోమ్ గుడి మీది చెట్లు: ఉంచాలా, కొట్టేయాలా?

కృష్ణాతీరం:
పోయిన నెల కంబోడియా వెళ్లొచ్చాను. అక్కడి పాత గుళ్ల సముదాయం అంగ్‌కోర్ చూడ్డానికి మూడు రోజుల పాసు 62 డాలర్లు. అందులో ఒక పూటంతా తా ప్రోమ్‌లోనే గడిపాను. అందరూ ఫొటోలు దిగే చెట్టు దగ్గర నేనూ నిలబడ్డాను గానీ మనసొప్పలేదు. ఏనుగు తొండమంత వేరు గోడ మీంచి దిగి ద్వారబంధాన్ని నొక్కేస్తోంది. ఇంకోచోట వేళ్ల సందులోంచి దేవత ముఖం ఒక్కటే కనిపిస్తుంది, ఒళ్లంతా వేళ్ల కిందే. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత బాగుందో అంటున్నారు. నాకైతే ఊపిరాడలేదు.

ఖ్మేర్ రాజు ఏడో జయవర్మ 1186లో తల్లి పేరిట, ఆమెను బౌద్ధుల జ్ఞానదేవత ప్రజ్ఞాపారమిత రూపంలో ప్రతిష్ఠించి కట్టించిన బౌద్ధ విహారం అది. అసలు పేరు రాజవిహారం. 12,640 మంది అక్కడ బస చేసేవారని శాసనంలో ఉంది. అలాంటి చోటు శిథిలమవుతుంటే అందమని మురిసిపోవడం తప్పు కాదా? చెట్లు తీసేసి గుడిని నిలబెట్టాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

అడవిదారి:
నేను ఒప్పుకోనండీ. అప్పట్లో కంబోడియాను ఏలుతూ మిగతా గుళ్లను బాగుచేసిన ఫ్రెంచివాళ్లే దీన్ని కావాలని అలా వదిలారు, అడవిలో దొరికినప్పుడు ఎలా ఉందో జనం చూడాలని. రాళ్లు మళ్లీ పేర్చిన గుడి కావాలంటే బాంతే శ్రేయ్ ఉంది, 1930ల్లోనే చేశారు. ఒక్క గుడినైనా అడవితో ఉండనివ్వండి.

కృష్ణాతీరం:
దొరికినప్పటిలా ఎక్కడుందండీ? పొదలు కొట్టారు, వేళ్ల కింద ఇనుప ఊతలు పెట్టారు, మనం నడవడానికి చెక్క వంతెనలు వేశారు. మనం చూసేది అడవి కాదు, అడవిలా కనిపించేట్టు కాపాడుతున్న చోటు. అంత కష్టం పడేది గుడి కోసం పడొచ్చు కదా.

మొక్కల మాస్టారు:
చెట్టు కొడితే గుడి నిలుస్తుందని ఎలా అనుకున్నారు బాబూ? ఆ ఇసుకరాళ్లను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చారు. పిట్ట రెట్టలో పడ్డ గింజ ఆ సందులో మొలుస్తుంది. వేరు లావెక్కే కొద్దీ రాళ్లు విడిపోతాయి, నిజమే. కానీ వందేళ్లు గడిచాక విడిపోయిన ఆ రాళ్లను పట్టుకుని ఉండేది కూడా ఆ వేరే. మాను నరికితే లోపలి వేరు కుళ్లి బోలవుతుంది, గోడ అందులోకి కుంగుతుంది. అలాగని చెట్టును దాని మానాన వదిలేసినా ఏదో ఒక రోజు గాలివానకు పడుతుంది, పడితే గోడనూ లాక్కుపోతుంది. అందుకే కొమ్మల బరువు తగ్గిస్తూ, ఊతలిస్తూ కాచుకోవాలి. కొట్టేయమనడం మాత్రం కూల్చేయమనడమే.

హనుమకొండ పిల్ల:
మాస్టారు చెప్పింది నిజం. గుడి రాళ్లు విప్పి మళ్ల పేర్చుడంటే ఏందో మాకు తెలుసు. మా వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006ల విప్పిండ్రు, మళ్ల తెరిచింది 2024 మార్చిల. నా బడి, కాలేజీ, పెండ్లి అన్నీ ఆ నడుమనే అయినయి. మా నాయిన పండుగకు గుడికి తోల్కపోయినప్పుడల్లా, "ఇక్కడ మండపం ఉండె బిడ్డా" అని చెయ్యి చూపెట్టేటోడు. అంగ్‌కోర్ల బాపువాన్ గుడిది ఇంకా పెద్ద కథ. 1960లల్ల విప్పి మూడు లక్షల దాక రాళ్లు అడవిల పరిచిండ్రు. 1970లల్ల కంబోడియాను ఏలిన ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టుల కాలంల ఏ రాయి ఎక్కడిదో రాసిన కాగితాలు పోయినయి. 1995ల మళ్ల మొదలుపెడితే 2011 దాక పట్టింది. విప్పుడు అల్కగనే అయితది అన్నా, పేర్చుడే పానం మీదికొస్తది.

తా ప్రోమ్‌ల పని చేసేది మన భారత పురావస్తు శాఖోళ్లే. నాట్య మండపం నిలబెట్టిండ్రు, 2022ల తెరిచిండ్రు. పెద్ద చెట్లను ఉంచే చేసిండ్రు. నాకు ఆ తొవ్వనే మంచిగనిపిస్తది.

అడవిదారి:
ఆ శాఖే 1986 నుంచి 1993 దాకా అంగ్‌కోర్ వాట్‌లో రసాయనాలతో రాళ్లు కడిగిందని చాలా విమర్శలొచ్చాయి కదా?

హనుమకొండ పిల్ల:
వచ్చినయి, ఒప్పుకోవాలె. కానీ యుద్ధం ఆగకముందే ఆడికి పోయి పనిచేసిండ్రన్నది కూడా చెప్పాలె.

కృష్ణాతీరం:
మాస్టారూ, పెద్ద చెట్లు కొట్టాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది కోపంతో అన్న మాట. కానీ ఒక్కటి అడుగుతాను. మా ఊరి శివాలయం గోపురం మీద నా చిన్నప్పుడు వేలెడంత రావి మొక్క ఉండేది. పీకుదామంటే పెద్దలు దేవతా వృక్షం, పాపం అన్నారు. ఇప్పుడు గోపురం నిలువునా నెర్రెలిచ్చింది. తా ప్రోమ్‌లో గోడను వలలా అల్లుకున్న చెట్లూ మర్రి, రావి జాతివేగా? కొత్తగా మొలిచేవాటినైనా మొలక దశలోనే తీసేయాలి కదా?

మొక్కల మాస్టారు:
తీసేయాలి, ఆలస్యం చేయకూడదు. వాన పడ్డ మర్నాడు రాయి సందు మెత్తబడుతుంది, వేరు తెగకుండా వస్తుంది. తెగిందా, మళ్లీ చిగురిస్తుంది. పాపమన్న భయముంటే తీసిన మొక్కను చెరువు గట్టున నాటండి. మా ఊళ్లో అలా నాటిన రావి కింద ఇప్పుడు బస్సు ఆగుతోంది.