అప్‌డేట్: మా కాలనీ సాయం గ్రూపు రిజిస్ట్రేషన్ సంగతి

2024 సెప్టెంబరు బుడమేరు వరదలప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో అన్నం పొట్లాలు పంచడంతో మొదలైన మా గ్రూపుని ట్రస్టు చేయాలా, సొసైటీ చేయాలా, విరాళాలన్నీ నా ఫోన్‌పేకే వస్తుంటే టెన్షన్‌గా ఉంది అని అడిగాను కదా. సొసైటీకే వెళ్లాం. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం (2001) ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. బియ్యం బస్తాలు మోయమంటే వీధంతా వస్తుంది గానీ, సంతకం అనేసరికి ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొచ్చింది! చివరికి బట్టలు కుట్టే అక్క ముందు సంతకం పెట్టాక మిగతావాళ్లు కదిలారు.

ఇప్పుడు సొసైటీ పేరు మీద పాన్, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలే బ్యాంకు ఖాతా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ అయితే పన్ను మినహాయింపు దానంతటదే వస్తుందని ఒకరు చెప్పారు, రాదండీ, దాతలకు ఆ మినహాయింపు దక్కాలంటే ఆదాయపు పన్ను శాఖకి వేరుగా అప్లై చేయాలి, దాన్ని ఆడిటర్‌కి అప్పగించాం.

సరుకులు తీసుకునేవాళ్ల ఫోటోలు ఎక్కడా పెట్టకూడదని తీర్మానం రాసుకున్నాం. ఒకరిద్దరు దాతలు అలిగారు, అలగనీ. చివరి వీధి మామ్మగారు మాత్రం కందిపప్పు ప్యాకెట్ వెనక్కిచ్చి, ‘ఇది అరగదు నాయనా, బీపీ మాత్రలు తెచ్చిపెట్టు’ అన్నారు, అందుకే వచ్చే నెల నుంచి మందుల చీటీలు కూడా తీసుకుంటున్నాం.