మలేరియా తలకెక్కడమంటే ఏంటి: నాళాలు మూసుకుపోవడమా, మెదడు వాయడమా?

బీసెంట్‌రోడ్ బాబు:
మా బావమరిది పాడేరు వైపు రోడ్డు పని చూసుకుని వచ్చాడు. నాలుగు రోజులు జ్వరం. డోలో మింగుతూ నెట్టుకొచ్చాడు. ఐదో రోజు ఫిట్స్, ఆపైన స్పృహ లేదు. ఇక్కడ బెజవాడలో ఐసీయూలో పెడితే ఫాల్సిపారం రకం మలేరియా అన్నారు. ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు మొదలెట్టిన మూడో రోజు పొద్దున కళ్లు తెరిచి పెసరట్టు కావాలన్నాడు.

మలేరియా క్రిములు మెదడు రక్తనాళాలకు అడ్డం పడ్డాయని డాక్టరు గారు చెప్పారు. నాకు నమ్మకం కుదరలేదు. రక్తం అందకపోతే పక్షవాతం వచ్చి కాలో చెయ్యో పడిపోవాలి కదా? నా ఓటు వాపుకే. ఇంకోటి, మెదడు జబ్బుకి కంటి డాక్టర్ని పిలిపించారు. బిల్లు పెంచడానికేనని ఇంటిల్లిపాదీ తిట్టుకున్నాం.

మైక్రోస్కోప్ మామ:
బాబూ, గవర్నర్‌పేటలో ముప్ఫై ఏళ్లు స్లైడ్లు చూశాను. ముందు ఒక మాట, ఈ పారసైట్, అదే మలేరియా క్రిమి, మెదడు కణజాలంలోకి పోదు. ఎర్ర కణంలో కూర్చుని నాళంలోనే ఉంటుంది.

వేలు పొడిచి తీసిన చుక్కలో ఫాల్సిపారం అయితే నాకు దాదాపు ఎప్పుడూ లేత ఉంగరాలే కనపడేవి. సన్నటి నీలం ఉంగరం, దానికి రాయి పొదిగినట్టు ఎర్ర చుక్క. మరి ముదిరినవి ఏమవుతాయి? కణం పైన బుడిపెలు లేచి, లోపలి అవయవాల్లో నాళం గోడకి అతుక్కుపోతాయి. రక్తంలో తిరుగుతుంటే ప్లీహం పట్టేస్తుంది, అందుకే ఆ దాగుడుమూతలు. స్లైడ్‌లో తక్కువ కనిపించాయని ధైర్యపడకూడదనేది ఇందుకే. పారసైట్ ఉన్న కణం గట్టిపడుతుంది కూడా, సన్న నాళంలో నలిగి దూరలేదు.

ఇటలీ డాక్టర్లు మార్కియాఫావా, బిన్యామి ఈ నాళాల అడ్డంకి సంగతి 1894లోనే చెప్పారు. సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో పారసైట్‌ని పట్టుకున్నది 1897లో. అంటే దోమ సంగతి తేలకముందే ఈ గొడవ మొదలైంది!

గుంటూరు మెడికో:
మామయ్యా, అడ్డంకి లేదనను. కానీ ప్రాణం తీసేది అదేనా? మలావీలో పిల్లలకు ఎంఆర్ఐ తీసి 2015లో ఫలితాలు చెప్పారు. చనిపోయినవాళ్లలో 84 శాతం మందికి మెదడు బాగా వాచి ఉంది, బతికినవాళ్లలో 27 శాతం మందికే. వాచిన మెదడు కిందికి నొక్కితే ఊపిరి ఆగుతుంది. ఎలకల్లో అయితే ఒంట్లో రోగాలతో పోరాడే టీ కణాల్లో ఒక రకాన్ని తీసేస్తే మెదడు జబ్బే రాదు.

లబ్బీపేట:
ఎలకల్ని వదిలేయండి సార్, వాటికి ఎక్కించేది అసలు ఫాల్సిపారం కాదు, వేరే రకం మలేరియా క్రిమి. వాపే దోషి అయితే వాపు తగ్గించే స్టెరాయిడ్ పనిచేయాలిగా? 1982లో థాయ్‌లాండ్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూశారు. చావులు తగ్గకపోగా కోమా ఇంకా ఎక్కువసేపు సాగింది. గాంబియాలో వాపుని రెచ్చగొట్టే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అణిచే మందు ఇస్తే, బతికిన పిల్లల్లో నరాల లోపాలు పెరిగాయి. చావుల్ని తగ్గించింది పారసైట్‌ని చంపే మందే.

గుంటూరు మెడికో:
స్టెరాయిడ్ పనిచేయలేదంటే వాపు లేదని కాదండీ. రక్తం బయటికి పోయే దారి పూడితే వెనక నాళాలు ఉబ్బుతాయి, దానికి స్టెరాయిడ్ ఏం చేస్తుంది? పైగా 2013లో ఇంకో సంగతి బయటపడింది. తీవ్రమైన మలేరియాలో పారసైట్ ఉన్న కణాలు నాళం గోడ మీద పట్టుకునే కొక్కేల్లో ఈపీసీఆర్ ఒకటి. నాళం గోడ కారకుండా, రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రోటీన్ కూర్చునే సీటు అది. ఆ సీటు పారసైట్ ఆక్రమిస్తే అతుక్కోవడంతోపాటు కారడమూ మొదలవుతుంది.

మైక్రోస్కోప్ మామ:
ఇది బాగుంది. బాబు అడిగిన పక్షవాతం సంగతికొస్తే, దీన్ని ఆనకట్ట అనుకోకు, బందరు కాలవలో గుర్రపుడెక్క అనుకో. ఒక పిల్లకాలవకి నీళ్లు అందవు, పక్కదానికి అందుతాయి. చేను వాడుతుంది కానీ చాలాచోట్ల చావదు. పక్షవాతంలో పెద్ద నాళం మూసుకుని ఒక ముక్క మొత్తం చచ్చిపోతుంది. ఇంకోటి, మెడికో చెప్పిన లెక్కలు పిల్లలవి. మీవాడు పెద్దవాడు. పెద్దవాళ్లలో అంత వాపు కనపడటం తక్కువ, కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువ.

కంటి డాక్టర్ని తిట్టకండి. రెటీనా, అంటే కంటి వెనక పొర, దాని నాళాలు మెదడు నాళాలకి చుట్టాలే, పుర్రె తెరవకుండా చూడగలిగేవి అవే. మలావీలోనే మెదడు మలేరియాతో పోయారనుకున్న 31 మంది పిల్లలకు శవపరీక్ష చేస్తే, ఏడుగురు వేరే జబ్బుతో పోయారని తేలింది. బతికుండగా ఆ తేడా పట్టిచ్చిన గుర్తు రెటీనాలో కనపడే మార్పులు ఒక్కటే.

బీసెంట్‌రోడ్ బాబు:
డిశ్చార్జి కాగితాలు తీసి చూశాను. రెండు కళ్లలో రెటీనా మీద తెల్ల మచ్చలు, చిన్న రక్తపు చుక్కలు అని రాసి ఉంది. మా ఆవిడ ఆ కాగితంలో బజ్జీలు చుట్టబోతుంటే లాక్కున్నాను. వాపుకి వేసిన ఓటు సగం వెనక్కి తీసుకుంటున్నా మామయ్యా. సగమే.