అప్‌డేట్: రియోహా వైన్ అడుగున మడ్డి, కొబ్బరి వాసన – వైన్ పాడవలేదు

మాడ్రిడ్‌లో కొన్న 2011 గ్రాన్ రిసర్వా (స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంలో ఏళ్ల తరబడి నిల్వ ఉంచి అమ్మే రెడ్ వైన్) అడుగున మడ్డి, కొబ్బరి వాసన ఉన్నాయి, పాడైందా అని ఇక్కడే అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

సీసాను ముందురోజే నిలబెట్టి ఉంచి, మెల్లగా జగ్గులోకి వంచమన్న సలహా బాగా పనిచేసింది. మెడ కింద టార్చ్ పెట్టి వంచాను. మడ్డి సన్నటి చారలా మెడ దాకా రాగానే ఆపేశాను. గ్లాసులో వైన్ తేటగా, అంచున ఇటుక రంగులో ఎంత అందంగా ఉందో!

టానిన్లు (వైన్‌కు వగరునిచ్చే పదార్థాలు), రంగు పదార్థాలు ఏళ్ల తరబడి కలిసి పేరుకున్నదే ఆ మడ్డి అని సొమెలియే (వైన్ నిపుణులు) చెప్పారు. కొబ్బరి, వెనిల్లా వాసన అమెరికన్ ఓక్ చెక్క పీపాలది. గ్రాన్ రిసర్వా కనీసం రెండేళ్లు పీపాలో ఉండాల్సిందే కదా.

కార్క్ (సీసా బిరడా) వల్ల వైన్ చెడిందేమోనన్న అనుమానానికి ఇక్కడ సంబంధం లేదు. అదైతే తడిసిన అట్ట వాసన వచ్చేదట. 17 డిగ్రీల దగ్గర తాగితే ఎండు చెర్రీ, పొగాకు విడివిడిగా తెలిశాయి. వేడెక్కితే మాత్రం ఆల్కహాల్ ఘాటే ముందుకొస్తుంది.