నాన్న బ్లడ్ షుగర్ బాగానే ఉంది, యూరిన్‌లో మాత్రం 4+ వచ్చింది. మాత్ర ఆపేయాలా?

సుజాత, ఖమ్మం:
నాన్నకి 61 ఏళ్లు, షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. ఆర్నెల్ల నుంచి మెట్‌ఫార్మిన్‌తో పాటు డాపాగ్లిఫ్లోజిన్ కూడా వేసుకుంటున్నారు. నిన్న టెస్టు చేయిస్తే పరగడుపున 118, తిన్నాక 162. హమ్మయ్య అనుకునేలోపే యూరిన్ రిపోర్టులో గ్లూకోజ్ దగ్గర నాలుగు ప్లస్‌లు కనపడ్డాయి. పక్కింటి బాబాయ్ చూసి కిడ్నీలు పోతున్నాయేమో అన్నారు, అప్పట్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. డాక్టర్‌గారు సోమవారం దాకా ఊళ్లో లేరు.

ఫార్మకాలజీ మాస్టారు:
మీ అంతట మీరు ఆపకండమ్మా. ఆ ప్లస్‌లు డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర పని చేస్తోందనడానికి గుర్తు. కిడ్నీలు రోజుకి దాదాపు 180 గ్రాముల గ్లూకోజ్‌ని వడగడతాయి, మామూలుగా అదంతా తిరిగి రక్తంలోకి వెళ్లిపోతుంది కాబట్టి మూత్రంలో కనపడదు. గ్లూకోజ్ తనంతట తాను కణం పొర దాటలేదు, పొరలో ఉండే ఎస్‌జీఎల్‌టీ2 అనే ప్రోటీన్ దాన్ని సోడియంతో కలిపి లోపలికి లాగుతుంది. దాదాపు తొంభై శాతం పని దానిదే. మీ నాన్నగారి మాత్ర ఆ దారినే మూస్తుంది, అందుకే చక్కెర మూత్రంలో పోతోంది. కిడ్నీల సంగతి తెలియాలంటే క్రియాటినిన్, యూరిన్ అల్బుమిన్ చూడాలి.

ఈ ప్రోటీన్ జన్యువు పుట్టుకతోనే చెడినవాళ్లు ఉంటారు, జీవితాంతం మూత్రంలో చక్కెర పోతూనే ఉన్నా చాలామందికి వేరే ఇబ్బందేమీ ఉండదు. దీని తోబుట్టువు ఎస్‌జీఎల్‌టీ1 పేగుల్లో ఉంటుంది, అది చెడితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది: తల్లిపాలలోని చక్కెర కూడా పేగులోంచి లోపలికి వెళ్లక పసిబిడ్డకి ఆగని విరేచనాలు పట్టుకుంటాయి, గ్లూకోజ్, గ్యాలక్టోజ్ లేని పాలు పట్టాల్సిందే. విరేచనాలప్పుడు మనం తాగే ఓఆర్‌ఎస్ పని చేసేది కూడా ఈ ఎస్‌జీఎల్‌టీ1 వల్లే, ఉప్పూ చక్కెరా కలిసి లోపలికి వెళ్తుంటే నీళ్లు వాటి వెంట వెళ్తాయి. నాకు ఎన్నిసార్లు పాఠం చెప్పినా ఇది అబ్బురమే.

రమణి:
మాస్టారు చెప్పింది నిజమే కానీ రెండు జాగ్రత్తలు ఉన్నాయి, దయచేసి నాన్నగారికి చెప్పండి. మూత్రంలో చక్కెర ఉంటుంది కాబట్టి కింద దురద, ఫంగస్ ఇన్ఫెక్షన్ రావచ్చు. మా అత్తయ్యకి వస్తే సిగ్గుపడి నెల రోజులు చెప్పలేదు, పాపం చాలా బాధపడింది. రెండోది ఇంకా ముఖ్యం. వాంతులై ఏమీ తినలేకపోతున్నా, కఠిన ఉపవాసం ఉన్నా వెంటనే డాక్టర్‌ని అడగాలి, ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని ప్రమాదం కావచ్చు. అప్పుడు షుగర్ మరీ ఎక్కువ చూపించకపోవచ్చు కూడా, అందుకే ఇంట్లో వాళ్లకి అనుమానం రాదు. ఆపరేషన్ ఉంటే ఈ మాత్రని కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు.

సుజాత, ఖమ్మం:
ఇద్దరికీ చాలా థాంక్సండీ, అమ్మకి చదివి వినిపించాను. క్రియాటినిన్ పాత రిపోర్టులో 0.9 ఉంది. అన్నట్టు నాన్నకి వచ్చే నెల హెర్నియా ఆపరేషన్, అక్కడ ఈ మాత్ర వేసుకుంటున్నట్టు మేం చెప్పనే లేదు. రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్తాను.