పురుగుమందా, పురుగులమందా?

అమలాపురం నుంచి: చిన్నప్పుడు దాళ్వాకి, అంటే రెండో వరి పంటకి, మందు డబ్బా కొన్నప్పుడల్లా దాంతో వచ్చే సన్నక్షరాల కాగితం మా నాన్నగారు నాతో చదివించుకునేవారు. అందులో ఒక వాక్యం సగమే గుర్తుంది: "...మందు ఖాళీ డబ్బాను పగలగొట్టి ఇళ్ళకు దూరంగా పాతిపెట్టవలెను." మొదటి మాట పురుగుమందా, పురుగులమందా? మా మేనల్లుడి కంపెనీ విదేశం నుంచి ఒక మందు తెప్పిస్తోంది. ఫరీదాబాద్‌లో ఇలాంటి మందులకి అనుమతిచ్చే రిజిస్ట్రేషన్ కమిటీకి పెట్టే దరఖాస్తులో లేబులు, లోపలి కాగితం నమూనాలు కూడా ఉండాలి. సీసా మీద ఇంగ్లీషు, హిందీతో పాటు అమ్మే చోటి భాష ఉండాలి కాబట్టి తెలుగు నన్ను చూడమన్నాడు, నేను మొదటి పంక్తి దగ్గరే ఆగిపోయాను.

తణుకు నుంచి: పురుగుమందే, అనుమానం లేదు. కలుపుమందు, దగ్గుమందు అన్నట్టే. "ల" పెట్టారంటే పిల్లలకిచ్చే నులిపురుగుల మందు గుర్తొస్తుంది.

పాలకొల్లు మాస్టారు: అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. ఎలుకల మందు, చీమల మందు, దోమల మందు. "ఎలుక మందు" అన్నవాణ్ణి చూశారా మీరు? ప్రాణమున్న దాన్ని చంపే మందుకి తెలుగు బహువచనమే పెడుతుంది. కలుపూ దగ్గూ లెక్కపెట్టేవి కావు, వాటిని సాక్ష్యానికి తేకూడదు.

రావులపాలెం నుంచి: నేను వ్యవసాయం చేసేవాణ్ణి మాస్టారూ. ఇంట్లో కొట్టేది దోమల మందు, చేలో సుడిదోమకి, అంటే వరి దుబ్బు రసం పీల్చే పురుగుకి, కొట్టేది దోమమందు. దుబ్బు మొదట్లో వేలకొద్దీ ఉన్నా "దోమ పట్టింది" అంటాం, "దోమలు పట్టాయి" అనం. చేనికి ఏకవచనం, ఇంటికి బహువచనం.

పాలకొల్లు మాస్టారు: ఎలుకల మందు చేలో వాడేదే కదా?

రావులపాలెం నుంచి: అది పెట్టే మందండి. నేను చెప్పేది కొట్టే మందు గురించి.

కాకినాడ నుంచి: నేను పోర్టు పనుల్లో ఉన్నవాణ్ణి. 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం ప్రకారం షెడ్యూల్లో ఉన్న కలుపుమందూ, తెగులుమందూ కూడా ఇన్‌సెక్టిసైడే, వేపగింజల నుంచి తీసే అజాడిరాక్టిన్‌తో సహా. 9వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ కాకుండా దేశంలోకి తేకూడదు. అయ్యాక కూడా ఆ సర్టిఫికెట్ షరతులకు తేడాగా తెస్తే 17వ సెక్షన్ ఒప్పుకోదు. టెక్నికల్‌కి, అంటే అసలు మూల మందుకి, రిజిస్ట్రేషన్ ఉంది కదా అని దాంతో కలిపి వాడకానికి తయారుచేసిన ఫార్ములేషన్ తెస్తామంటే కుదరదు, దేనిది దానికే. మీవాడు తెచ్చేది కలుపుమందైతే మీ "ల" గొడవే లేదు. ముందు అదేమిటో చెప్పండి.

పాలకొల్లు మాస్టారు: నన్నడిగితే మందు అన్న మాటే తీసెయ్యాలి. 1958లో కేరళలో, ఓడలో ఆహార సరుకుతో కలిపి తెచ్చిన పారాథియాన్ గోధుమపిండికి అంటుకుని వందమందికి పైగా పోయారు, ఈ చట్టం పుట్టింది ఆ తరవాతే. మన ఊళ్ళలో పోలిడాలు అనేది ఆ సరుకునే. మందు అని పిలవబట్టే బియ్యం డబ్బా పక్కన పెట్టుకుంటున్నారు. సుమతి శతకకారుడు చూడండి, "తలనుండు విషము ఫణికిని" అని సూటిగా విషమనే అన్నాడు. కందంలో అంత తేటగా చెప్పినవాడు ఇంకొకడు లేడు.

కాకినాడ నుంచి: విషం అన్న మాట మనకి తోచినచోట రాయడానికి లేదు మాస్టారూ. మందు ఎంత విషమో చెప్పడానికి లేబులు మీద రంగు త్రికోణం ఉంటుంది; ఎర్ర, పసుపు త్రికోణాలకే ఆ మాట, ఎరుపుకైతే పుర్రె గుర్తు కూడా. నీలానికి ప్రమాదం, ఆకుపచ్చకి జాగ్రత్త. మింగితే ఒంటి బరువు కిలోకి 50 మిల్లీగ్రాముల లోపే ప్రాణం తీసేదైతే ఎరుపు.

అమలాపురం నుంచి: మావాణ్ణి అడిగాను. సుడిదోమకేనట, నీలం త్రికోణం.

రావులపాలెం నుంచి: ఆయ్, అయితే దోమమందు అనే రాయండి. మా ఊళ్ళో అందరికీ తెలుస్తుంది.

తణుకు నుంచి: కాగితంలో ఇంకో పురుగు పేరు కూడా ఉంటే? పురుగుమందే సరి. మాస్టారూ, ఆ పద్యం మూడో పాదం "తలతోక యనక" అని కదా?

పాలకొల్లు మాస్టారు: "తలదోక" అండి. ద్వంద్వంలో పరుషానికి గసడదవలు వస్తాయి. తల్లిదండ్రులు, అన్నదమ్ములు అనడం లేదూ?

తణుకు నుంచి: మా తాతగారి ప్రతిలో "త" అనే ఉంది.

పాలకొల్లు మాస్టారు: అచ్చుతప్పు అయి ఉంటుంది. ఆ పేజీ ఫోటో పెట్టండి, రెండో పాదంలో "వెలయంగాఁ" పక్కన అరసున్న ఉందో లేదో కూడా చూడాలి.